మొదటి ఆర్పీజీకి ఏ ఇంజిన్ మంచిది? యుద్ధాలు లేవు, వరద ఉంది, మాటలన్నీ తెలుగులో

రేవుదాటి:

అందరికీ నమస్కారం. ఏడాదిగా ఇక్కడ చదువుతున్నాను, రాయడం ఇదే మొదటిసారి.

నేను అమలాపురంలో ఒక మందుల దుకాణంలో లెక్కలు చూస్తాను. రాత్రి తొమ్మిదికి ఇల్లు చేరితే పదకొండు దాకా సమయం నాది. ఆ రెండు గంటల్లో ఒక ఆర్పీజీ, అంటే మనమే ఒక పాత్రగా మారి కథ నడిపే ఆట, తయారు చేయాలని చాలాకాలంగా కోరిక. డిగ్రీలో ఒక సెమిస్టర్ పైథాన్ ప్రోగ్రామింగ్ చదివాను. ఇఫ్, ఫర్ గుర్తున్నాయి, క్లాసులంటే ఇప్పటికీ భయమే. లాప్‌టాప్‌లో ఎనిమిది జీబీ ర్యామ్ ఉంది, విడిగా గ్రాఫిక్స్ కార్డు లేదు. బొమ్మలు వేయడం రాదు.

కథ ఇది. మా అమ్మమ్మ వాళ్ల ఊరు గోదావరి పాయల మధ్య ఒక లంక. వరద వస్తే సామాను సర్దుకుని ఏటిగట్టు మీదికి చేరాలి. ఆటలో మనం పన్నెండేళ్ల కుర్రాడు, చేతిలో ఒక నాటుపడవ. నీళ్లు పెరుగుతూ ఉంటాయి. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది. నా ఆటలో అధ్యాయాలు కూడా ఆ మూడే. ప్రతి అధ్యాయంలో పడవలోకి ఏది ఎక్కించాలో, ఏది వదిలేయాలో కుర్రాడు తేల్చుకోవాలి. అమ్మమ్మ ఉంది, బియ్యం బస్తాలున్నాయి, ఇనప్పెట్టె ఉంది, పాడి ఆవు ఉంది, దాని దూడ జ్యోత్స్న ఉంది. ఎవరూ కత్తి దూయరు. ఊళ్లోవాళ్లతో మాట్లాడడం, ఒప్పించడం, బతిమాలడం, అంతే. మాటలన్నీ తెలుగులో ఉండాలి. చివరికి ఈ ఆట ఆడవలసిన మనిషి మా అమ్మమ్మే.

రెండు వందల పేజీల నోటుబుక్కు నిండింది. నలభై ఒక్క పాత్రలు. ఇంజిన్ దగ్గరే, అంటే ఆట తయారు చేసే సాఫ్ట్‌వేర్ దగ్గరే, ఆగిపోయాను. ఒకరు ఆర్పీజీ మేకర్ అంటారు, ఒకరు గోడో అంటారు, ఒకరు యూనిటీ తప్ప వేరేది చూడవద్దంటారు. ఒక ఆన్‌లైన్ కోర్సుకు డబ్బు కూడా కట్టాను. మొదటి పాఠంలోనే నిప్పులు కక్కే డ్రాగన్‌ను తయారు చేయించారు. మా లంకలో డ్రాగన్లు లేవు.

నా చోట మీరుంటే ఏది తీసుకుంటారు?


కోడ్‌చెట్టు:

యూనిటీ తీసుకోండి. ఆట పూర్తయినా కాకపోయినా సీ షార్ప్ అనే ప్రోగ్రామింగ్ భాష వస్తుంది, అది రేపు ఉద్యోగానికి పనికొస్తుంది. పాఠాలు కోకొల్లలు. ఆర్పీజీ మేకర్‌లో నేర్చుకున్నది ఆర్పీజీ మేకర్‌లోనే చెల్లుతుంది. లాప్‌టాప్ కాస్త బరువుగా నడుస్తుంది, ర్యామ్ ఇంకో ఎనిమిది వేయించుకోండి.


సగంలో ఆపినవాడు:

కోడ్‌చెట్టు గారి మాట ఉద్యోగం వెతుక్కునేవారికి సరిగ్గా సరిపోతుంది. ఈవిడ అడిగింది అమ్మమ్మ ఆడే ఆట గురించి.

ముందు నా యోగ్యత చెప్పుకుంటాను. విజయవాడలో ఒక ప్రెస్సులో ఇరవై రెండేళ్లుగా డీటీపీ పని. పెళ్లిపత్రికలు, కరపత్రాలు, ఏడాదికో కవితల పుస్తకం. ఆటలు నాలుగు మొదలుపెట్టి ఒకటి పూర్తి చేశాను. అది పదిహేను నిమిషాల ఆట అనుకున్నాను. మా అబ్బాయి పదకొండు నిమిషాల్లో ముగించి "తర్వాత?" అన్నాడు.

మిగతా మూడూ ఇంజిన్ల వల్ల ఆగలేదు. కథ బిగుసుకున్న ప్రతిసారీ నేను ఇంజిన్ మార్చాను. రెండో ఆటలో సర్పంచి ఎందుకు అబద్ధమాడుతున్నాడో నాకే తెలియలేదు. దాన్ని తేల్చుకోవడం మాని కొత్త ఇంజిన్ దించుకుని, మళ్లీ మనిషిని నడిపించడం దగ్గర మొదలుపెట్టాను. మనిషి నడిస్తే పని జరుగుతున్నట్టే ఉంటుంది. అలా రెండేళ్లు నడిపించాను.

ఇక సరుకులోకి వస్తాను. ఆర్పీజీ మేకర్ తెరవగానే నేల, ఇల్లు, తలుపు, మనిషి, సంచి, మెనూ, సేవ్ చేయడం, యుద్ధం అన్నీ సిద్ధంగా ఉంటాయి. దాని వెర్షన్లలో ఎమ్‌వీ 2015లో, ఎమ్‌జెడ్ 2020లో వచ్చాయి. రెండింటికీ ట్రయల్ ఉంది, కొనకముందే చూడవచ్చు. ఎమ్‌వీలో మామూలు దెబ్బకు లెక్క కూడా ముందే రాసి ఉంటుంది. కొట్టేవాడి దాడి బలాన్ని నాలుగుతో హెచ్చించి, దెబ్బ తినేవాడి రక్షణను రెండుతో హెచ్చించి అందులోంచి తీసేస్తారు. మీ ఆటలో కొట్టేవాడే లేడు. అంటే కొన్న సరుకులో పెద్ద భాగం మూట విప్పకుండానే ఉండిపోతుంది. అలాగని మాటల ఆటలకు అది పనికిరాదనీ కాదు. 2011లో వచ్చిన టు ద మూన్ అనే ఆట ఆర్పీజీ మేకర్ ఎక్స్‌పీతో చేసినదే, దాదాపు అంతా సంభాషణే.

అందులో నా మొదటి పరాభవం చెబితే మీకు మూడు సాయంత్రాలు మిగులుతాయి. ఊరి పెద్ద మనిషి ఆట మొదలవగానే తనంతట తాను మాట్లాడాలని అతని ఈవెంటును, అంటే అతను ఏం చేయాలో చెప్పే సూచనల మూటను, ఆటోరన్‌లో పెట్టాను. మాట్లాడాడు. తర్వాత కథానాయకుడు కదలడు. బాణం మీటలు ఎంత నొక్కినా అంతే. కీబోర్డు పోయిందనుకుని కొత్తది కొన్నాను, ఒట్టు. ఆటోరన్ ఈవెంటు నడుస్తున్నంతసేపు ఆటగాడి చేతులు కట్టేసి ఉంటాయి. మాట అయిపోగానే ఒక సెల్ఫ్ స్విచ్ (ఆ ఈవెంటుకే చెందిన ఆన్, ఆఫ్ గుర్తు) వేసి, ఆ స్విచ్ పడితే ఈవెంటు ఖాళీగా ఉండేలా రెండో పేజీ పెట్టాలి. కొత్త కీబోర్డు ప్రెస్సులో వాడుతున్నాను.

ఇప్పుడు అసలు సంగతి, తెలుగు. ఎమ్‌వీ సందేశపు పెట్టె వాక్యాన్ని ఒక్కో సంకేతంగా విడదీసి, ఒకదాని పక్కన ఒకటి గీస్తుంది. జపనీసుకు, ఇంగ్లీషుకు అది హాయిగా సరిపోతుంది. మనకు సరిపోదు. మీ దూడ పేరే తీసుకోండి. కంటికి జ్యోత్స్న రెండే అక్షరాలు. కంప్యూటరుకు తొమ్మిది. జ, పొల్లు, య, ఓత్వం, త, పొల్లు, స, పొల్లు, న. తొమ్మిదింటినీ విడివిడిగా గీస్తే పొల్లులు గాలిలో తేలతాయి, ఓత్వం ఒక చుక్కల సున్నాను పట్టుకుని వేలాడుతుంది. ఒత్తు ఊడిన అక్షరం చూస్తే నాకు ఒంట్లో బాగుండదు, వృత్తిదోషం అనుకోండి. ఒక దశలో అను ఫాంట్ల లాంటి పాత పద్ధతి ఫాంటు పెడదామా అనుకున్నాను. వాటిలో ఒత్తు కూడా విడి అక్షరమే కదా. కానీ ఒక్క అచ్చుతప్పు దిద్దాలంటే మొత్తం వాక్యం గారడీ అక్షరాల్లో చదువుకోవాలి. పగలంతా చేసేది అదే, రాత్రి కూడానా?

యూనిటీలో ఎక్కువ పాఠాలు చూపించే టెక్స్ట్‌మెష్ ప్రో అనే అక్షరాలు చూపించే పరికరం కూడా మన ఒత్తులను తనంతట తాను కూర్చదు. దారులున్నాయి, మొదటి ఆటకు అవి అవసరమా అన్నదే ప్రశ్న. 2023 సెప్టెంబరులో యూనిటీ సంస్థ ఇన్‌స్టాల్‌కు ఇంత అని రుసుము ప్రకటించి, ఏడాది తర్వాత రద్దు చేసుకున్న గొడవను చూపించి మిమ్మల్ని భయపెట్టను. అది పెద్ద రాబడి వచ్చే ఆటల సంగతి.

గోడోకు వస్తే (గోడాట్ అని పలికినా ఎవరూ కొట్టరు), 2023 మార్చిలో వచ్చిన నాలుగో వెర్షన్ నుంచి అక్షరాలను హార్ఫ్‌బజ్ అనే కూర్పు సాధనంతో కూరుస్తుంది. కాబట్టి జ్యోత్స్న జ్యోత్స్నగానే వస్తుంది. మూడో వెర్షన్‌లో రాదు. పైసా ఖర్చు లేదు, ఎమ్‌ఐటీ లైసెన్సు. జిప్ విప్పి రెండుసార్లు నొక్కితే తెరుచుకుంటుంది. ప్రాజెక్టు మొదలుపెట్టేటప్పుడు రెండరర్ (తెర మీద బొమ్మలు గీసే భాగం) దగ్గర కంపాటిబిలిటీ ఎంచుకోండి, మీ లాప్‌టాప్‌కు అదే నయం. దాని భాష జీడీస్క్రిప్ట్ చూడడానికి పైథాన్‌కు మేనత్త కూతురులా ఉంటుంది. అయితే అందులో సంచి లేదు, సంభాషణ పెట్టె లేదు, సేవ్ లేదు. అన్నీ మీరే కట్టుకోవాలి, లేదా డయలాగ్ మేనేజర్ లాంటి ఉచిత యాడాన్ (అదనపు భాగం) తెచ్చుకోవాలి. మనిషి నడవడానికే రెండు సాయంత్రాలు పడుతుంది. ఇది దాచిపెట్టి గోడో తీసుకోమని చెప్పేవాళ్లను నమ్మవద్దు.

గేమ్‌మేకర్ కూడా ఉంది. అండర్‌టేల్ అనే ఆటను దానితోనే చేశారు. అమ్మకానికి కాకపోతే 2023 నవంబరు నుంచి ఉచితం.

నా సలహా ఒకటే. చదివి తేల్చుకోవద్దు, రెండింటికీ ఒకే పరీక్ష పెట్టండి. ఆర్పీజీ మేకర్ ట్రయల్‌కు రెండు సాయంత్రాలు, గోడోకు నాలుగు. ఒక గది, ఒక అమ్మమ్మ, ఒక వాక్యం. "అమ్మమ్మా, జ్యోత్స్నను పడవెక్కించు." ఆ వాక్యం తర్వాత నీటిమట్టం 11.75 అని తెర మీద కనబడాలి. ఇంతే. నోటుబుక్కు బీరువాలో పెట్టి తాళం వేయండి. నలభై ఒక్క పాత్రలు మీ ఏడో ఆటకు. మొదటి ఆట ఒక్క పడవ ప్రయాణం.

మరీ కష్టమైతే దూడకు గౌరి అని పేరు పెట్టండి. తొమ్మిది నాలుగుకు తగ్గుతుంది.


రేవుదాటి:

ఇంత ఓపికగా రాసినందుకు చాలా కృతజ్ఞతలండీ. నోటుబుక్కుకు తాళం అన్నప్పుడు కొంచెం బాధ కలిగింది. నిన్న రాత్రి నలభై ఒక్క మందిలో ఆరుగురిని ఉంచాను. కరణం గారిని తీసేయడానికి చేయి రాలేదు, ఆయన ఏడో మనిషి.

దూడ పేరు మాత్రం మార్చను. అది కల్పన కాదు. మా అమ్మమ్మ ఇంట్లో నిజంగానే ఆ పేరుతో ఒక దూడ ఉండేది. పున్నమినాడు పుట్టిందని మా పెద్దమామయ్య పెట్టాడు. ఆయన అప్పుడే ఇంటర్ తెలుగు వాచకం చదువుతున్నాడట. ఊళ్లో ఎవరికీ నోరు తిరగక అందరూ జోచ్చన అనేవారు. ఆటలో కూడా కుర్రాడు ఒక్కడే సరిగ్గా పలుకుతాడు.


ఇత్తడిచెంబు:

సగంలో ఆపినవాడు గారితో ఒక్కచోట పేచీ ఉంది. ఆయన అక్షరాల మనిషి కాబట్టి తూకం అక్షరాల వైపు మొగ్గింది.

నేను టీచరును. ఆర్పీజీ మేకర్ ఎమ్‌వీలో మా ఎనిమిదో తరగతి పిల్లల కోసం ఒక ఆట చేశాను, వేసవి సెలవుల్లో మొదలుపెట్టి దసరాకు ముగించాను. తెలుగులోనే. ఎమ్‌వీ లోపల కోడంతా జావాస్క్రిప్టే, ఫైలు తెరిస్తే కనబడుతుంది. అక్షరం గీసే చోట "ఒక్క సంకేతం తీసుకో" అన్నదాన్ని "తర్వాతి ఖాళీ వరకు ఉన్న పదం తీసుకో" అని మార్చిన చిన్న ప్లగిన్ (ఇంజిన్‌కు తగిలించే అదనపు కోడు) పెట్టుకున్నాను. మాటలు పదం పదంగా వస్తాయి. పిల్లలకు చదవడానికి అదే సుఖం. వరస ఎత్తు కూడా పెంచాలి. మొదట 36 పిక్సెళ్లుంటుంది, అందులో మన కింది ఒత్తులు తెగిపోతాయి. వరస చివర వాక్యం తనంతట తాను కిందికి దిగదు, ఎక్కడ విరవాలో మనమే చూసుకోవాలి. ఇంత చెప్పాక ఇది సులువని అనలేను గానీ, నాకు ఈ పనికి పట్టింది ఒక ఆదివారం. గోడోలో సేవ్, మెనూ, సంచి కట్టుకోవడానికి పట్టేది ఒక్క ఆదివారం కాదు.

రేవుదాటి గారూ, మీకు రోజుకు రెండు గంటలే ఉన్నాయి. పగలంతా లెక్కలు చూసి వచ్చినవాళ్లకు ఆ రెండు గంటల్లో ఏదో ఒకటి కళ్లముందు కదలకపోతే పదో రోజుకు లాప్‌టాప్ మూసేస్తారు. ఈ సంగతి సగంలో ఆపినవాడు గారికి నేను చెప్పాలా?

ఇంకొకటి. మీ 11.75ను ఎమ్‌వీ వేరియబుల్‌లో, అంటే అంకెలు దాచుకునే చోట, పెడితే 11 అవుతుంది. దశాంశం తర్వాతిది కత్తిరిస్తుంది. పరీక్షలో అది చూసి కంగారుపడవద్దు.


సగంలో ఆపినవాడు:

చెంబు గారూ, దెబ్బ తగిలింది. ప్లగిన్ సంగతి ఒప్పుకుంటున్నాను, పదం పదంగా చూపించడం నాకు తట్టలేదు. ఆవిడ పరీక్ష ఫలితం చెప్పాక మాట్లాడుకుందాం.


రేవుదాటి:

రెండు వారాలైంది. పరీక్ష అయింది, చెబుతాను.

ఆర్పీజీ మేకర్ ట్రయల్. మొదటి సాయంత్రం గంటంబావులో గది వచ్చింది, మంచం వచ్చింది, తలుపు తీసుకుంటోంది. అమ్మమ్మ బొమ్మకు తెల్లజుట్టు ముసలావిడ ముందే ఉంది, అయితే ఆవిడ మంత్రగత్తెలా ఉంది. అమ్మ వచ్చి చూసి "ఇదంతా నువ్వే చేశావా?" అంది. నేను చేయలేదు గానీ అవునన్నాను. రెండో సాయంత్రం తెలుగు పెట్టాను. మీరు చెప్పిన చుక్కల సున్నా కళ్లారా చూశాను. నీటిమట్టం 11 అని వచ్చింది. ఇత్తడిచెంబు గారు ముందే చెప్పబట్టి కంగారుపడలేదు.

దాని గురించి పడుకున్నాక ఆలోచిస్తే ఒకటి తట్టింది. లెక్కలు రాసేదాన్ని కదా, పైసల్ని పైసలుగానే ఉంచితే తేడా రాదు. అడుగులు మానేసి అంగుళాల్లో పెట్టాను. 11.75 అడుగులంటే 141 అంగుళాలు. రెండోది 165, మూడోది 213. అన్నీ పూర్తి అంకెలే. తెర మీద చూపించేటప్పుడు పన్నెండుతో భాగిస్తే అడుగులు, మిగిలినవి అంగుళాలు. మూడు హెచ్చరికలూ సరిగ్గా తొమ్మిది అంగుళాల దగ్గరే పడతాయి, పదకొండు అడుగుల తొమ్మిది అంగుళాలు, పదమూడు అడుగుల తొమ్మిది, పదిహేడు అడుగుల తొమ్మిది. అమ్మమ్మకు దశాంశం కంటే ఇదే అర్థమవుతుంది. గోడోలో కూడా ఇదే లెక్క పెట్టాను. అక్కడ రెండు పూర్తి అంకెల్ని భాగిస్తే మిగిలిన ముక్క వదిలేసి పూర్తి అంకే ఇస్తుంది, పక్కన ఒక హెచ్చరిక కూడా రాస్తుంది. నాకు కావలసింది అదే కాబట్టి హెచ్చరికను పట్టించుకోలేదు.

గోడో నాలుగు సాయంత్రాలు. మొదటి సాయంత్రం పాత వెర్షన్ పాఠం చూస్తూ అందులో చెప్పిన నోడ్ (గోడోలో ఆటను కట్టే ఒక్కో ముక్క) కోసం గంట వెతికాను. కైనమాటిక్‌బాడీ అన్నదాని పేరు నాలుగో వెర్షన్‌లో క్యారెక్టర్‌బాడీ అయిందట. రెండో సాయంత్రం కుర్రాడు నడిచాడు. గోడలోంచి కూడా నడిచాడు. వాడి పేరు పక్కన పసుపు త్రికోణం ఒకటి వెలుగుతూనే ఉంది, అలంకారం అనుకున్నాను. కొలిజన్ షేప్ (ఢీకొనే హద్దు) పెట్టలేదని చెబుతోందట. అది పెట్టాక కూడా గోడలు ఆపలేదు, నేల, గోడలు పరిచే టైళ్లకు కూడా విడిగా ఫిజిక్స్ లేయర్ వేసి ఆకారం గీయాలి. మూడో సాయంత్రం గోడ ఆపింది. అంత సంతోషంగా గోడను గుద్దుకోవడం నా జీవితంలో ఎప్పుడూ లేదు.

నాలుగో సాయంత్రం వాక్యం పెట్టాను. జ్యోత్స్న వచ్చింది, ఒత్తులతో సహా. కానీ అక్షరం అక్షరంగా కనబడేలా చేస్తే పేరు కళ్లముందే వేషాలు మారుస్తోంది. జ, జ్, జ్య, జ్యో, జ్యోత, జ్యోత్, ఇలా. ఆట ఏదో నత్తి కొడుతున్నట్టుంది. దీనికి మందు ఉందా?

ఏది తీసుకోవాలో ఇంకా తేల్చుకోలేదు. నిజం చెప్పాలంటే ఆర్పీజీ మేకర్‌లో గది అందంగా ఉంది, గోడోలో గది నాది.


సగంలో ఆపినవాడు:

అంగుళాల లెక్క చూసి ప్రెస్సులో నలుగురికి చెప్పాను. మేము కాగితాన్ని ఇప్పటికీ అంగుళాల్లోనే కొలుస్తాము.

నత్తికి మందు ఉంది. మాటలు చూపించే నోడ్లయిన లేబుల్‌లోనూ రిచ్‌టెక్స్ట్‌లేబుల్‌లోనూ విజిబుల్ క్యారెక్టర్స్ బిహేవియర్ అని ఒక అమరిక ఉంటుంది. మొదట అది కూర్పుకు ముందు అక్షరాల్ని లెక్కపెట్టేలా ఉంటుంది, అందుకే ప్రతి మెట్టులో పదాన్ని కొత్తగా కూరుస్తోంది. దాన్ని కూర్పు తర్వాత అన్నదానికి మార్చండి. అక్షరాలు రూపం మార్చుకోకుండా వస్తాయి. లేదా చెంబు గారి పద్ధతిలో పదం పదంగా చూపించండి. ఆలోచిస్తే అదే మేలు, అమ్మమ్మ కూడా పదాలుగానే చదువుతుంది.

ఇంకో రెండు ముక్కలు. ఒకటి, ఫాంటును ప్రాజెక్టులోకి తెచ్చి పెట్టండి. ఇప్పుడు మీకు తెలుగు కనబడుతున్నది విండోస్‌లో ఉన్న ఫాంటును గోడో అరువు తెచ్చుకోవడం వల్ల. ఆటను వెబ్‌కు ఎగుమతి చేస్తే ఆ అరువు దొరకదు, డబ్బాలు కనబడతాయి. నోటో సాన్స్ తెలుగు సరిపోతుంది. ముచ్చటగా కావాలంటే మల్లన్న, రామభద్ర, సూరన్న ఉన్నాయి, గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగానే దొరుకుతాయి.

రెండు, పిక్సెల్ బొమ్మల ఆటలకు తెరను 320, 180 పెట్టమని పాఠాల్లో చెబుతారు. పెట్టవద్దు. పదహారు పిక్సెళ్ల ఎత్తులో స్త్రీ అని రాసి చూడండి. పైన గుడిదీర్ఘం, మధ్యలో స, కింద తావత్తు, పక్కన క్రారవడి. నలుగురికీ ఒకే మంచం. తెరను 1280, 720 పెట్టుకుని బొమ్మల్నే నాలుగు రెట్లు పెంచండి, పెంచిన బొమ్మ మసకబారకుండా టెక్స్చర్ ఫిల్టర్ నియరెస్ట్‌లో ఉంచండి. అక్షరాలు మాత్రం పూర్తి సైజులో పడతాయి.


రేవుదాటి:

గోడోనే తీసుకున్నాను. మీ ఇద్దరి వాదన వల్ల కాదు, ఎలా జరిగిందో చెబుతాను.

ఆదివారం లాప్‌టాప్ పట్టుకుని అమ్మమ్మ దగ్గరికి వెళ్లాను. ఆటలో ఉన్నది ఒక గది, ఒక రేవు, ఒక పడవ. బొమ్మలు కెన్నీ సైటు నుంచి తెచ్చినవి, వాటికి అనుమతి అడగనక్కరలేదు. కొబ్బరిచెట్టు నాకు నచ్చినది దొరకక పిస్కెల్ అనే బొమ్మలు వేసే సాధనంలో నేనే వేశాను. అమ్మమ్మ దాన్ని చూసి గొడుగెందుకు పాతారు అంది. కళ్లజోడు పెట్టుకుని మాటలన్నీ పైకి చదివింది. జ్యోత్స్న దగ్గర ఆగి, "జోచ్చన పేరు ఇలాగా రాస్తారు?" అంది. అరవై ఏళ్ల కిందటి దూడ అది. పేరు రాసి ఉండగా చూడడం ఆవిడకు ఇదే మొదటిసారి. ఆ ఒక్క మాటల పెట్టె నా చేతులతో కట్టినది, ఇక దాన్ని వదిలి వేరేదానిలోకి వెళ్లాలనిపించలేదు.

కానీ ఆవిడ నా ఆటను పాడుచేసింది కూడా. పడవలో నాలుగు చోట్లున్నాయి. ఆవుకు రెండు, దూడకు ఒకటి, మనిషికి ఒకటి, బస్తాకు ఒకటి. కుర్రాడు కాక నాలుగు చోట్లకు ఐదు అవసరాలు, అదే నా చిక్కుముడి అనుకున్నాను. అమ్మమ్మ నవ్వింది. "ఆవును ఎవరైనా పడవెక్కిస్తారటే? దూడను ఎక్కించు. తల్లి ఈదుకుంటూ వెనకే వస్తుంది." ఆవుకు పెట్టిన రెండు చోట్లూ అక్కరలేదు. మొదటి అధ్యాయంలో కష్టమే లేకుండా పోయింది. రాత్రంతా కూర్చుని మార్చాను. ఇప్పుడు ఆవుకు చోటు అక్కరలేదు, కానీ పడవ ఆవు ఈదేంత నెమ్మదిగా నడవాలి, ఆలోగా నీళ్లు రెండు అంగుళాలు పెరుగుతాయి. దూడను ఎక్కించకపోతే ఆవు గట్టు మీదే నిలబడిపోతుంది, ఎంత అరిచినా రాదు.

అందుకని ఒక ప్రశ్న. పడవ ఎటు తిరిగితే ఆవు అటే తిరుగుతూ, కొంచెం దూరంలో వెనకాలే ఈదాలి. సూటిగా పడవ వైపు కదలమంటే మలుపుల దగ్గర అడ్డంగా గట్టు మీదికి ఎక్కేస్తోంది. ఏం చేయాలి?


సగంలో ఆపినవాడు:

పడవ ఉన్న చోటును ప్రతి ఫ్రేములో (తెర మీద బొమ్మ మారే ప్రతిసారీ) ఒక జాబితాలో రాసుకుంటూ వెళ్లండి. ఆవును ఆ జాబితాలో నలభై గళ్లు వెనక ఉన్న చోట నిలబెట్టండి. నలభై దాటిన పాతవాటిని ముందునుంచి తీసేస్తూ ఉండండి. పడవ ఏ దారిన వెళ్లిందో ఆవు సరిగ్గా ఆ దారినే వస్తుంది, గట్టెక్కదు. పడవ ఆగినప్పుడు జాబితాలో కొత్తవి రాయకండి, లేకపోతే ఆవు వచ్చి పడవలో కూర్చుంటుంది.

సేవ్ కట్టేటప్పుడు ఒక్కటి గుర్తుంచుకోండి. జేసన్ అనే ఫైలు పద్ధతిలో దాచి మళ్లీ తెరిస్తే అంకెలన్నీ దశాంశాలుగా వస్తాయి. మీ 141ను మళ్లీ పూర్తి అంకెగా మార్చుకోకపోతే భాగహారంలో ముక్కలు వస్తాయి, తొమ్మిది అంగుళాల లెక్క చెడుతుంది.


ఇత్తడిచెంబు:

అమ్మమ్మ మాటకు ఎదురు చెప్పను, మంచి ఇంజినే తీసుకున్నారు. ఊరికే సమాచారం కోసం చెబుతున్నాను. ఆర్పీజీ మేకర్‌లో పడవను వాహనంగా కాకుండా కథానాయకుడి బొమ్మగా పెట్టి, ఆవును జట్టులో చేర్చుకుంటే, వెనకాలే నడిచి రావడానికి సిస్టమ్ పేజీలో ఒక్క టిక్కు చాలు.


రేవుదాటి:

ఇప్పుడా అండీ చెప్పేది! ఆవు నలభై గళ్ల వెనక వస్తోంది. రాత్రి పన్నెండున్నర అయింది, ఇంకా దాన్ని తిప్పుతూనే ఉన్నాను.